మందు కొట్టిన మర్నాడు పొద్దున

పత్తి చేను గట్టెక్కగానే సంగతి కంటికంటే ముందు ముక్కుకు తెలుస్తుంది. గంధకం ఘాటు, దాని వెనకాలే కిరోసిన్‌ను తలపించే ద్రావకం వాసన. సెప్టెంబరు నెల, పొద్దున ఏడు. మొన్న కురిసిన వానకు నల్లరేగడి ఇంకా చెప్పులకు పెచ్చులు పెచ్చులుగా అంటుకుంటోంది. ఊరి పేరు అడగకండి. ఉమ్మడి వరంగల్ జిల్లాలో పత్తి వేసే ఏ ఊరికి వెళ్ళినా ఈ సీజన్లో ఇదే పని, ఇదే వాసన.

సాళ్ళ మధ్య ఒకాయన వీపున తైవాన్ పంపు తగిలించుకుని నడుస్తున్నాడు. మూతికి తువ్వాలు చుట్టాడు. పొడుగు చేతుల చొక్కా వేసుకున్నాడు, కాళ్ళకు మాత్రం ఏమీ లేవు. ఇంజను రొద, తెల్లటి తుంపర. మీ చూపు ఆయన మీదకే పోతుంది. ఎవరిదైనా అక్కడికే పోతుంది. కాసేపు ఆయన్ని వదిలేసి, చేను మొగదల ఉన్న నీలం డ్రమ్ము వైపు తిరగండి.

అక్కడ నలభై అయిదేళ్ళ ఆడమనిషి ఒకామె ఉంది. చేతిలో సీసా, దాని లేబుల్ మీద పసుపు రంగు త్రికోణం. క్లోరిపైరిఫాస్, 20 ఇ.సి. మూతతో కొలిచి డ్రమ్ములో పోస్తుంది. మూత అంచు నుంచి జారిన చుక్క బొటనవేలి మీదుగా మణికట్టు దాకా పాకుతుంది, కొంగుకు తుడుచుకుంటుంది. కట్టెతో కలుపుతుంది. ట్యాంకు ఖాళీ చేసుకుని ఆయన గట్టు మీదికి రాగానే బకెట్‌తో ముంచి, గుడ్డలో వడగట్టి పోస్తుంది. కొంత ఆయన వీపు మీద ఒలుకుతుంది, కొంత ఆమె మోచేతుల మీద. మళ్ళీ ఇంకో ట్యాంకు.

ఒక చిన్న లెక్క వేద్దాం. లీటరు నీళ్ళకు 2.5 మి.లీ. చొప్పున కలిపితే ఆయన కొట్టే తుంపరలో లీటరుకు దాదాపు అర గ్రాము మందు ఉంటుంది. సీసాలో ఉన్నదేమో లీటరుకు దాదాపు 200 గ్రాములు. అంటే ఆయన మీద రాలే తుంపరకంటే ఆమె వేలి మీద పడ్డ చుక్క ఇంచుమించు 400 రెట్లు చిక్కన. తువ్వాలు చుట్టుకున్నది ఆయన. ఆమెకు చేతి తొడుగు అయినా లేదు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. 2005లో ఫ్రాన్సెస్కా మాన్సినీ, ఆమె సహచరులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు పత్తి గ్రామాల అనుభవాన్ని ఒక వైద్య పత్రికలో ప్రచురించారు. మందు పని చేసిన ప్రతిసారీ ఒంట్లో ఏమైందో పత్తి పండించే ఆడవాళ్ళే తమ గురించీ, తమ ఇంటి మగవాళ్ళ గురించీ రాసిపెట్టారు. నమోదైన 323 సందర్భాల్లో 83.6 శాతంలో ఏదో ఒక విష లక్షణం కనిపించింది. మందు కలపడం, ట్యాంకు నింపడం కొట్టడమంత ప్రమాదకరమని తేలింది. ఇంకో వాక్యం నా మనసులో ముల్లులా ఉండిపోయింది: నరాల మీద తీవ్రంగా పనిచేసిన సందర్భాలు కూడా ఉన్నాయి, కానీ ఒక్కరూ ఆసుపత్రికి వెళ్ళలేదు. ఆసుపత్రి రిజిస్టరులో లేని జబ్బు ప్రభుత్వ లెక్కలో ఉండదు. ఇలాంటి చోటికి కొలిచే పరికరమే నడిచి రావాలి. ఆ ప్రయత్నం ఎలా ఉంటుందో చూపించడానికే మిమ్మల్ని తీసుకొచ్చాను. మూత్రంలో మందు ఆనవాలును కొలిచే ఈ రకం పట్టీలు ఇంకా మందుల షాపులో దొరకవు. ప్రయోగశాల గడప దాటే దశలోనే ఉన్నాయి.

మధ్యాహ్నానికి పని అయిపోయింది. ఆమె బోరు కాడ చేతులు కడుక్కుని, అన్నం తిని, సాయంత్రం తల దిమ్ముగా ఉందని పడుకుంది. ఇప్పుడు మీరు చూడవలసింది ఆమె చర్మం కింద జరుగుతోంది.

చర్మం ఈ మందును తొందరగా లోపలికి రానివ్వదు. 1984లో ప్రచురించిన ఒక అమెరికా అధ్యయనంలో ఆరుగురు మగ వాలంటీర్లకు కొలిచిన మోతాదులో క్లోరిపైరిఫాస్ ఇచ్చి చూశారు: ముందు నోటి ద్వారా, కొన్ని వారాలకు చర్మం మీద. ఈ రోజుల్లో అలాంటి ప్రయోగానికి ఎవరైనా అనుమతి ఇస్తారా అన్నది వేరే సంగతి. నోటి ద్వారా ఇచ్చినదాంట్లో 70 శాతం ఆనవాలు మూత్రంలో దొరికింది. చర్మం మీద రాసినదాంట్లో దొరికింది 1.3 శాతమే. నోటి ద్వారా వెళ్ళినప్పుడు రక్తంలో ఆనవాలు ఆరు గంటలకే పతాక స్థాయికి చేరింది. చర్మం ద్వారా వెళ్ళినప్పుడు దానికి 24 గంటలు పట్టింది. తర్వాత ప్రతి 27 గంటలకు సగానికి తగ్గుతూ వచ్చింది.

అందుకే ఇవాళ సాయంత్రం కాదు, రేపు పొద్దున వస్తాం. వారం తర్వాత వస్తే చాలామటుకు వెళ్ళిపోయి ఉంటుంది.

లోపలికి వెళ్ళిన మందు కాలేయం చేరుతుంది. అక్కడి ఎంజైములు దాన్ని ముందు ఆక్సాన్ అనే రూపానికి మారుస్తాయి. అసలు విషం అదే. నరానికీ కండకూ మధ్య కబురు చేరాక ఆ కబురును తుడిచేసే ఎసిటైల్‌కోలినెస్టరేజ్‌ను అది పట్టుకుని కదలనివ్వదు. చెమటలు, చొంగ, కండరాల అదురు, కళ్ళు మసకబారడం అన్నీ దాని పనే. అదృష్టం బాగుంటే అంతకంటే ముందే మరో ఎంజైము ఆక్సాన్‌ను రెండు ముక్కలు చేస్తుంది. ఆ ముక్కల్లో ఒకటి ట్రైక్లోరోపిరిడినాల్. పొడుగు పేరు కాబట్టి టీసీపీ అందాం. దానితో పెద్ద హాని లేదు. కాలేయం దానికి ఒక చక్కెర అణువును తగిలించి నీళ్ళలో కరిగేలా చేస్తుంది, మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. వచ్చిపోయిన మందు వదిలివెళ్ళిన ఆనవాలు అది. మనం వెతికేది దాన్నే.

తెల్లవారుజామున అయిదున్నర. ఆమె వాకిట్లో ఆశా కార్యకర్త, హైదరాబాద్ నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని, వాళ్ళ వెనక మీరు. మూత గట్టిగా బిగిసే ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఆమె చేతిలో పెట్టబోయి విద్యార్థిని ఆగింది.

“సబ్బుతోని చేతులు కడుక్కున్నంకనే డబ్బా పట్టాలె పెద్దమ్మా.”

“ఉచ్చ పోసెతందుకు గూడ చేతులు కడగాల్నా?” అని ఆమె నవ్వింది. ఆశా కార్యకర్త కూడా నవ్వింది.

నవ్వులాటగా ఉన్నా అసలు జాగ్రత్త ఇదే. నిన్నటి మందు వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద మిగిలి ఉంటుంది. అది డబ్బాలో పడితే ఒంట్లోంచి వచ్చిందో వేలి నుంచి రాలిందో చెప్పడం కష్టం. పద్ధతి ప్రకారం చేసే పరీక్షలు చాలావరకు ఇలాంటి చిన్నచిన్న చోట్లే చెడిపోతాయి, యంత్రం దగ్గర కాదు.

లేవగానే పోసిన మూత్రమే కావాలి. రాత్రంతా నిలవ ఉన్నది కాబట్టి చిక్కగా, అన్నీ కలిసి ఉంటుంది. ఆమె డబ్బా తెచ్చి ఇచ్చింది. రంగు ముదురు పసుపు. నిన్న ఎండలో తాగిన నీళ్ళు చాలలేదు. డబ్బా ఐసు పెట్టెలోకి వెళ్ళింది.

పల్లె దవాఖానా గది. ఒక టేబుల్, తిరుగుతూ ఆగుతూ ఉన్న ఫ్యాను. టేబుల్ మీద సెల్‌ఫోను సైజులో ఒక యంత్రం ఉంది, పేరు పొటెన్షియోస్టాట్. మనం కోరిన వోల్టేజి ఇచ్చి, దానికి ఎంత కరెంటు పారిందో కొలవడమే దాని పని. దాని నోట్లోకి దూరే పట్టీ ఒకటి మీ అరచేతిలో పెట్టారు. ముట్టుకునే చోటు తెల్లగా ఉంది, కొసన మూడు మచ్చలు. మధ్యలో నల్లటి గుండ్రం మచ్చ కార్బన్‌ది, పని జరిగేది దాని మీదే. చుట్టూ వంపు తిరిగిన గీత కరెంటు తిరిగి వెళ్ళే దారి. మూడోది వెండి, సిల్వర్ క్లోరైడు పూత. వోల్టేజిని దేనితో పోల్చి కొలవాలో చెప్పే మచ్చ అది.

ఈ మచ్చల్ని పెళ్ళి పత్రికలు అచ్చువేసే పద్ధతిలోనే వేస్తారు: సన్నటి జల్లెడ గుడ్డ, రబ్బరు పట్టీతో తోసే సిరా, ఒక్కో రంగుకు ఒక్కో దెబ్బ. ఇక్కడ సిరాలో కార్బనూ వెండీ ఉంటాయి, అంతే తేడా. ఇంట్లో షుగర్ చూసుకునే పట్టీ కూడా ఈ జాతిదే. 1984లో క్రాన్‌ఫీల్డ్, ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు ఆ పద్ధతికి దారి వేస్తే, 1987లో పెన్ను ఆకారంలో మీటరు బజారులోకి వచ్చింది. ఇంకా వెనక్కి వెళితే 1922లో ప్రేగ్‌లో యరోస్లావ్ హెయ్‌రోవ్‌స్కీ చుక్కలుగా రాలే పాదరసంతో వోల్టేజికీ కరెంటుకూ గీసిన వంపు గీత కనిపిస్తుంది. 1959లో ఆయనకు నోబెల్ వచ్చింది.

విద్యార్థిని ముందు ఒక ఉత్త పట్టీ తీసింది. మీకు చూపించడానికే. దాని మీద డబ్బాలోని మూత్రం ఒక చుక్క వేసి వోల్టేజిని మెల్లగా మెట్లు మెట్లుగా పెంచింది. ప్రతి మెట్టు మీదా చిన్న తోపు ఇచ్చి, తోపుకు ముందు కరెంటూ తర్వాత కరెంటూ తీసివేసి తేడా మాత్రమే గీస్తుంది యంత్రం. ఉపరితలం మీద ఊరికే చేరే విద్యుదావేశం అలా కొట్టుకుపోయి, రసాయన చర్య వల్ల వచ్చిన కరెంటు మిగులుతుంది. ఫోను తెర మీద గీత పాకుతోంది. 0.3 వోల్టులు దాటగానే ఒక కొండ లేచింది. దాని పక్కనే, సగం దానిలో కలిసిపోయి, ఇంకో కొండ.

“టీసీపీయేనా?” అని మీరు అడుగుతారు.

కాదు. మొదటిది యూరిక్ ఆమ్లం. ప్రతి మనిషి మూత్రంలోనూ లీటరుకు వందల మిల్లీగ్రాముల్లో ఉంటుంది. మనం వెతికేది మైక్రోగ్రాముల్లో. రెండో కొండ ఏమిటో విద్యార్థినికి అనుమానం వచ్చి, వరండాలో కూర్చున్న ఆమెను అడిగింది.

“రాత్రి ఒళ్ళు నొప్పులుంటె గోలి ఏసుకున్న బిడ్డా.”

పారాసెటమాల్. మందు కొట్టిన రోజు రాత్రి ఈ ఊళ్ళో ఆ గోలి వేసుకోనివాళ్ళు తక్కువ. విటమిన్ సి ఎక్కువ తిన్నా ఇలాంటి కొండే లేస్తుంది. శుభ్రమైన ఉప్పునీటిలో టీసీపీ కలిపి, చక్కటి గీత వచ్చిందని ప్రకటించే పరిశోధన పత్రాలు చాలా ఉన్నాయి. అవన్నీ ఈ డబ్బా ముందు పరీక్ష రాయాలి. మూత్రం ఉప్పునీరు కాదు. నిన్న మనిషి ఏం తిన్నదో, ఏం మింగిందో, ఎంత తాగిందో అన్నీ అందులో ఉంటాయి.

అందుకే అసలు పట్టీ వేరే తోవ తొక్కుతుంది. దాని మీద టీసీపీని మాత్రమే పట్టుకునే యాంటీబాడీలు అతికించి ఉంటాయి. కానీ దానికంటే ముందు ఒక పని ఉంది. ఆమె కాలేయం తగిలించిన చక్కెర అణువును విడగొట్టాలి, లేకపోతే చాలా టీసీపీ ముసుగు వేసుకున్నట్టే లెక్క. ఆ పనికి ప్రయోగశాలలు ఎన్నో ఏళ్ళుగా వాడుతున్నది ఒక రకం నత్త కడుపులో ఊరే ఎంజైము. ఒక చిన్న గొట్టంలో మూత్రం, నత్త ఎంజైము కలిపి, ఒంటి వేడి ఉండే పెట్టెలో గంటల తరబడి ఉంచాలి. పది నిమిషాల్లో ఫలితం అని ప్రకటించేవాళ్ళు ఈ గంటల మాట ఎత్తరు. ఎత్తితే ప్రకటన చప్పబడుతుంది.

మధ్యాహ్నం రెండున్నర. కరెంటు పోయింది, వేడి పెట్టె బ్యాటరీ మీద నడుస్తోంది. గొట్టం బయటికి తీశారు.

ఇప్పుడు జరిగేది చూడండి. ఆమె మూత్రానికి, తయారు చేసిపెట్టిన టీసీపీని ఒక కొలత చొప్పున కలుపుతారు. ఈ కలిపిన టీసీపీకి తోకలా ఒక ఎంజైము తగిలించి ఉంటుంది, ముల్లంగి జాతి దుంప నుంచి తీసింది. పట్టీ మీది యాంటీబాడీలు పరిమితంగానే ఉన్నాయి. ఆమె ఒంట్లోంచి వచ్చిన టీసీపీ ఎక్కువగా ఉంటే ఆ చోట్లన్నీ అదే ఆక్రమిస్తుంది, తోక ఉన్నదానికి చోటు దొరకదు. తర్వాత పట్టీని కడుగుతారు. యూరిక్ ఆమ్లం, గోలి, మిగతా సరుకంతా ఆ నీళ్ళతో పోతుంది. చివరికి ఒక ద్రావణం చుక్క వేస్తే, మిగిలిన తోకలు దాన్ని మారుస్తాయి, మారినదాన్ని పట్టీ సున్నాకు దగ్గరి వోల్టేజిలో చదువుతుంది. ఆ వోల్టేజిలో యూరిక్ ఆమ్లం మిగిలి ఉన్నా నోరెత్తదు.

అంటే కరెంటు తగ్గేకొద్దీ మందు ఎక్కువున్నట్టు. తెర మీద గీత బాగా కుంగింది. విద్యార్థిని కళ్ళజోడు సర్దుకుని రెండోసారి చదివింది.

ఈ తరహా పట్టీని 2011లో అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ జాతీయ ప్రయోగశాలలో యుహే లిన్ బృందం చేసి చూపింది. మిల్లీలీటరుకు 0.1 నానోగ్రాము దాకా పట్టుకోగలిగింది. వాళ్ళు పరీక్షించింది మందు ఇచ్చిన ఎలుకల రక్తద్రవం మీద. ఊళ్ళోకి రావడానికి ఇంకా చాలా దూరం ఉంది.

సంఖ్య వచ్చింది కదా, అయిపోయినట్టేనా? లేదు. ఆమె నీళ్ళు తక్కువ తాగింది. చిక్కటి మూత్రంలో అన్నీ ఎక్కువే కనిపిస్తాయి. అందుకే పక్కనే ఇంకో పట్టీతో క్రియాటినిన్ కొలుస్తారు. కండరాల నుంచి రోజూ దాదాపు ఒకే మోతాదులో వచ్చే పదార్థం అది. చెప్పుకోవడానికి ఒక లెక్క: ఒకరి డబ్బాలో లీటరుకు 20 మైక్రోగ్రాముల టీసీపీ, 2 గ్రాముల క్రియాటినిన్ ఉంటే, గ్రాముకు 10. ఇంకొకరి డబ్బాలో టీసీపీ 8 మాత్రమే, క్రియాటినిన్ 0.4 ఉంటే, గ్రాముకు 20. మొదట తక్కువగా కనిపించినవారికే ఎక్కువ తగిలింది. పని చేసేవాళ్ళ మూత్రంలో క్రియాటినిన్ లీటరుకు 0.3 నుంచి 3 గ్రాముల మధ్య లేకపోతే ఆ నమూనాను పక్కన పెట్టమనే సంప్రదాయం ఉంది. మన ఎండలకు, మన కూలీల ఒళ్ళకు ఆ హద్దు ఎంతవరకు సరిపోతుందో అన్న ప్రశ్న మాత్రం నన్ను వదలదు. కండ తక్కువ ఉన్న మనిషిలో క్రియాటినినే తక్కువ కదా.

ఇంకో చిక్కు. పత్తి చేను ముఖం చూడనివాళ్ళ మూత్రంలోనూ టీసీపీ ఉంటుంది. ఆకుకూర మీద, పండు మీద మందు ఎండకూ వానకూ తనంత తాను విరిగి టీసీపీ అవుతుంది. అది తిన్నా బయటికి అలాగే వస్తుంది, విషం తగిలినట్టు లెక్క తప్పిస్తుంది. ట్రైక్లోపిర్ అనే కలుపు మందు నుంచీ అదే ఆనవాలు వస్తుంది. కొంచెం టీసీపీ కనిపించగానే కంగారు పడనక్కర్లేదు. మరీ ఎక్కువ కనిపిస్తే మాత్రం అది కూరగాయల నుంచి వచ్చింది కాదు. ఈజిప్టులోని మెనూఫియాలో పత్తి చేలకు క్లోరిపైరిఫాస్ కొట్టినవాళ్ళ మూత్రాన్ని 2011లో ప్రచురించిన అధ్యయనంలో కొలిచారు. కొట్టేవాళ్ళలో గ్రాము క్రియాటినిన్‌కు సగటున 6 వేల మైక్రోగ్రాములు దాటింది. అదే చేలల్లో పర్యవేక్షించిన ఇంజనీర్లలో, టెక్నీషియన్లలో వందల్లోనే ఉంది. ఒకే చేను, ఒకే మందు, మనిషి నిలబడ్డ చోటును బట్టి తేడా.

మిగిలిన సగం మూత్రం ఐసులో హైదరాబాద్ బయలుదేరుతుంది. అక్కడ కోటి రూపాయలు దాటే ధర ఉన్న మాస్ స్పెక్ట్రోమీటర్ దాన్ని మళ్ళీ చదువుతుంది. రెండు చదువులూ కలిస్తేనే పట్టీ మాటకు విలువ.

వరండాలో ఆమె ఇంకా కూర్చునే ఉంది.

“గిదేం చెప్తది బిడ్డా? షుగరా?”

“కాదు పెద్దమ్మా. నిన్న కలిపిన మందు నీ ఒంట్లకి ఎంత పోయిందో చెప్తది.”

“నేనేడ కొట్టిన? మా ఆయన కొట్టిండు.”

విద్యార్థిని మందు కలపడం గురించి, చేతుల గురించి చెప్పింది. ఆమె విని కాసేపు ఊరుకుంది.

“అట్లయితె మా కోడలుది గూడ సూడుండ్రి. నీళ్ళు మోసుకొచ్చి డ్రమ్ముల పోసేది అదే. దానికి ఐదో నెల.”

విద్యార్థిని ఆశా కార్యకర్త వైపు చూసింది. న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయంవారు బొడ్డుతాడు రక్తంలో క్లోరిపైరిఫాస్ కొలిచి, ఎక్కువున్న పిల్లలు ఏడేళ్ళ వయసులో తెలివితేటల పరీక్షల్లో వెనకబడ్డారని చెప్పిన సంగతి ఆ అమ్మాయికి తెలుసు. 2025లో జెనీవాలో స్టాక్‌హోం ఒప్పందం దేశాలు కొన్ని మినహాయింపులతో ఈ మందును తొలగించాల్సినవాటి జాబితాలో చేర్చిన సంగతీ తెలుసు. ఎథిక్స్ కమిటీ తమకిచ్చిన అనుమతిలో గర్భిణులు లేరన్నదీ తెలుసు. ఆ నమూనా ఇవాళ తీసుకోలేదు.

“ఆమెకు పరీక్ష అక్కర్లేదు పెద్దమ్మా. ఇప్పటిసంది డ్రమ్ము కాడికి రానీయకుండ్రి.”

“మరి నీళ్ళెవలు మోస్తరు? కూలిమనిషిని పెడితె పైసలెవలిస్తరు?”

విద్యార్థిని జవాబు చెప్పలేదు. ఒళ్ళో ఉన్న ఫారం చూసుకుంది. ‘పని’ అన్న చోట అచ్చయి ఉన్నవి రెండే గళ్ళు: మందు కొట్టేవారు, కొట్టనివారు. వాటి పక్కన పెన్నుతో అడ్డగీతలు గీసి ఇంకో రెండు గళ్ళు చేసింది. ఒకదాంట్లో ‘కలిపేవారు’ అని రాసి ఆమెకు టిక్కు పెట్టింది. రెండోదాంట్లో ‘నీళ్ళు మోసేవారు’ అని రాసి, కమిటీకి పంపాల్సిన సవరణ ఉత్తరంలో ఏమేం అడగాలో ఆ ఫారం వెనకే రాసుకోవడం మొదలుపెట్టింది.